ఘాట్ దిగేటప్పుడు మాత్రమే పోయే వెనక బ్రేకు: ఒక కేస్ స్టడీ

మా షెడ్డు శృంగవరపుకోటలో ఉంది. అరకు నుంచి దిగే ఘాట్ రోడ్డు మైదానంలో కలిశాక మొదట తగిలే పెద్ద ఊరు ఇదే కాబట్టి సెలవు రోజుల్లో సాయంత్రమయ్యేసరికి కాలిన బ్రేక్ ప్యాడ్ల వాసనతో బళ్లు వరసగా వస్తాయి. వాటిలో చాలావాటికి కారణం ఒకటే. గేరు తగ్గించకుండా, కొందరైతే పెట్రోలు ఆదా అవుతుందని ఇంజను కూడా ఆపేసి, బ్రేకుల మీదే కొండ దిగుతారు. కాసేపు చల్లారనిచ్చి, ప్యాడ్లు చూసి, రెండు మంచి మాటలు చెప్పి పంపిస్తాం. ఇక్కడ రాస్తున్న బండి ఆ కోవలోది కాదు. దాని యజమాని అనంతగిరి మండలంలో ఉపాధ్యాయుడు. పొద్దున కొండ ఎక్కి సాయంత్రం దిగడం ఆయనకు రోజూ ఉండే పని. ఏ మలుపులో ఏ గేరు వేయాలో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

బండి 160 సీసీ. రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులే గానీ, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ముందు చక్రానికి మాత్రమే ఉంది. అంటే వెనక వైపు పెడల్ నుంచి ప్యాడ్ల దాకా కాలి ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్, ఆ ఆయిల్ వెళ్లే గొట్టం, ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే కాలిపర్ తప్ప మధ్యలో మరేమీ లేవు. వెతకాల్సిన చోట్లు తక్కువ. అయినా ఈ బండి అంతకుముందే మరో ఊళ్లో ఒక షెడ్డుకు ఒకటికి రెండుసార్లు వెళ్లి వచ్చింది. అక్కడ బ్రేకు గొట్టంలో గాలి తీశారు, ప్యాడ్లు మార్చారు, చివరికి లోపం బండిలో లేదని తేల్చారు.

"దిగేటప్పుడు సగం దారిలో పెడల్ మెత్తబడిపోతోంది బాబూ. ఎంత తొక్కినా కిందికి పోతుందే గానీ బండి ఆగదు. రోడ్డు పక్కన అరగంట నిలబెడితే మళ్లీ మామూలుగా అయిపోతుంది. షెడ్డుకు తెచ్చేసరికి శుభ్రంగా పనిచేస్తుంది. నేను కాలు పెడల్ మీదే ఆనించి నడుపుతున్నానట, అందుకే ఇలా అవుతోందట. ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నాను, ఎప్పుడూ రాని అలవాటు ఇప్పుడెలా వస్తుంది?"

ఆ అనుమానం మరీ అన్యాయమైనదేమీ కాదు. కాలు ఆనించే అలవాటు చాలామందికి ఉంటుంది, ఉందని వాళ్లకే తెలియదు. ఆయన మాట నమ్మడమా, మానడమా అన్నది పక్కనపెట్టి, ముందు ఆయన చెప్పిన లక్షణాన్ని పట్టుకున్నాను.

బ్రేకు పడడం లేదని వచ్చే బళ్లన్నీ ఒకే మాట చెబుతాయి గానీ పెడల్ కింద కాలికి తెలిసేది వేరువేరుగా ఉంటుంది. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు కూడా పెడల్ గాలి తగ్గిన బంతిలా మెత్తగా ఉంటే గొట్టంలో గాలి చేరినట్టు, లేదా ఎక్కడో ఆయిల్ కారుతున్నట్టు. గట్టిగా తొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా కిందికి దిగుతూ ఉండి, బయట ఎక్కడా తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు పక్కనుంచి ఆయిల్ వెనక్కి జారుతోందన్నమాట. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే ప్యాడ్లు గాజులా నున్నబడి ఉండాలి, వాటికి గ్రీసో చైను ఆయిలో అంటి ఉండాలి, లేకపోతే కాలిపర్‌లో ప్యాడ్లను నెట్టే పిస్టనో, కాలిపర్ జరిగే పిన్నులో బిగుసుకుని ఉండాలి. చల్లగా ఉన్నంతసేపూ బాగుండి, వేడెక్కాక మెత్తబడి, చల్లారాక తనంతట తానే బాగయ్యేది మాత్రం ఒకటే ఉంది: బ్రేక్ ఆయిల్ మరగడం.

ద్రవాన్ని నొక్కితే అది కుదించుకుపోదు, అందుకే కాలి ఒత్తిడి ప్యాడ్ల దాకా చేరుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. కాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే నిప్పిల్ తెరిచి చూస్తే రావడానికి అక్కడ గాలే ఉండదు. ముందటి షెడ్డువాళ్లకు ఏమీ దొరకకపోవడంలో వింత లేదు.

ఇక తేలాల్సింది అంత వేడి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. కొండ దిగడంలోనే వేడి ఉంది, కాదనలేం. బండీ మనిషీ కలిసి 220 కిలోలనుకుని, 800 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 17 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ఆరు లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా తీసుకువెళ్లే శక్తి అది. తక్కువ గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజను మింగుతుంది, గాలి కొంత తీసుకుంటుంది, మిగిలింది రెండు బ్రేకులు పంచుకుంటాయి. మాస్టారు అలాగే దిగుతారు. అదే రోడ్డు మీద, అదే బండితో, అదే పద్ధతిలో అంతకుముందు ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా దిగారు. కాబట్టి కొండ వేడికి తోడు మరో వేడి ఎక్కడి నుంచో కలుస్తోంది.

"ఈ రోగం మొదలు కాకముందు బండికి ఏమేం చేయించారు మాస్టారూ? బ్రేకుతో సంబంధం లేదనుకున్నవి కూడా చెప్పండి."

కాసేపు ఆలోచించి చెప్పారు. వర్షాకాలంలో బండి కుడివైపుకు జారి పడింది. హ్యాండిల్ సరిచేయించారు, క్రాష్ గార్డ్ మార్పించారు. బ్రేకు పెడల్ వంగిపోతే కొత్తది వేయించారు. కంపెనీది దొరక్కపోవడంతో బజారులో దొరికిన దాన్నే వేశారు. పెడల్ మరీ కిందికి ఉందని ఆయనే అడిగి కాస్త పైకి చేయించుకున్నారు. ఆ తర్వాత మైలేజీ తగ్గిందని కూడా గుర్తుచేసుకున్నారు. అప్పట్లో దాన్ని కొత్త టైరు మీదికి నెట్టేశారట.

నా అనుమానం అప్పుడే పెడల్ మీదికి వెళ్లింది. అయినా నేరుగా అక్కడికి పోకుండా చక్రం దగ్గర మొదలుపెట్టాను. అనుమానంతో మొదలుపెడితే కళ్లు అనుమానాన్నే చూస్తాయి.

వెనక చక్రాన్ని స్టాండు మీద లేపి చేత్తో తిప్పితే తిరిగింది గానీ తొందరగా ఆగిపోయింది. డిస్క్ మీద ప్యాడ్లు రుద్దుకునే చోట లేత గోధుమ రంగు, దాని అంచున నీలి ఛాయ. ఉక్కు బాగా వేడెక్కి చల్లారితే ఆ రంగులే తేలతాయి. ప్యాడ్లు తీస్తే పైపొర అద్దంలా మెరుస్తోంది, అంచుల్లో సన్నటి పగుళ్లు కూడా ఉన్నాయి. రెండు ప్యాడ్ల మందమూ సమానంగానే ఉంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం పని ఇక్కడే తేలుతుంది. కాలిపర్ జరగాల్సిన పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటే ఒక ప్యాడ్ ఎక్కువగా, రెండోది తక్కువగా అరుగుతుంది. రెండూ సమానంగా కాలాయంటే కాలిపర్ తన పని తాను చేస్తోంది, దానికి వచ్చే ఒత్తిడే తగ్గాల్సినప్పుడు తగ్గడం లేదు. ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపల చిక్కటి టీ రంగు. కొద్ది నెలల కిందటే మార్చిన ఆయిల్ ఆ రంగులో ఉండకూడదు. మార్చినప్పుడు దగ్గరే ఉన్న మాస్టారు, అప్పటికే మూత తీసి ఉన్న సీసాలోంచి పోయడం చూశానన్నారు.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ప్రమాణాల ప్రకారం డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. మూత సరిగా లేని సీసా మా వాతావరణంలో ఒక వర్షాకాలం అరలో ఉందంటే దాన్ని పారబోయడం మేలు. అయితే ఆయిల్ చెడడం రోగాన్ని ముందుకు లాగింది గానీ రోగానికి మూలం అది కాదు. మంచి ఆయిల్ పోసి పంపితే ఇంకొన్నాళ్లు నడిచి మళ్లీ అదే మలుపు దగ్గర ఆగిపోయేది.

ప్యాడ్లు తిరిగి వేసి, బండి నేనే తీసుకుని బొడ్డవర వైపు వెళ్లాను. అంతా మైదానం రోడ్డే. మొదట్లో వెనక బ్రేకు వెంటవెంటనే కొన్నిసార్లు తొక్కి, ఆ తర్వాత కాలిని ఫుట్‌రెస్ట్ మీద వెనక్కి జరిపి పెట్టుకుని ముందు బ్రేకు ఒక్కదానితోనే నడిపాను. తిరిగి వచ్చాక రెండు డిస్క్‌ల మీదా నీటి చుక్కలు చల్లాను. అప్పటిదాకా వాడిన ముందు డిస్క్ మీద చుక్క నిదానంగా జారింది. దారి పొడవునా ముట్టుకోని వెనక డిస్క్ మీద చుయ్యిమని ఎగిరిపోయింది. వేడి కొలిచే గన్ను కూడా మా దగ్గర ఉంది గానీ మెరిసే లోహం మీద అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. నీటి చుక్కకు ఆ ఇబ్బంది లేదు. కాలు ఆనించే అలవాటు అన్న ఆరోపణ అక్కడితో కొట్టుకుపోయింది. మాస్టారి ముఖంలో సంతోషం చూడాలి.

బండి వేడిగా ఉండగానే చక్రం లేపి తిప్పితే ఈసారి చాలా బిగువుగా ఉంది. ఇప్పుడు చేయాల్సిన పరీక్షకు ఖర్చు లేదు, రెండు బోల్టులు వదులు చేస్తే చాలు. అయినా దీన్ని చేసే షెడ్లు తక్కువ. చాలామంది ముందుగా కాలిపర్ దగ్గరి నిప్పిల్ తెరుస్తారు. తెరవగానే ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లోపల చిక్కుకుందని తెలుస్తుంది, వదులు కాకపోతే పిస్టనో పిన్నులో పట్టేశాయని తెలుస్తుంది. మంచి పరీక్షే గానీ చిక్కుకున్నది మాస్టర్ సిలిండర్ దగ్గరా, గొట్టంలోనా అన్నది దానితో తేలదు. పైగా ఒత్తిడి బయటికి పోయాక సాక్ష్యం కూడా పోతుంది, మళ్లీ వేడెక్కించి రావాలి. అందుకే నిప్పిల్ జోలికి పోకుండా, మాస్టర్ సిలిండర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే రెండు బోల్టులు వదులు చేసి దాన్ని పుష్ రాడ్ నుంచి, అంటే పెడల్ కదలికతో సిలిండర్ లోపలి పిస్టన్‌ను నెట్టే కడ్డీ నుంచి, పైకి కొద్దిగా లాగాను. చక్రాన్ని తిప్పుతూ ఉన్న మా కుర్రాడు, "వదిలేసింది అన్నా!" అన్నాడు. గొట్టం లోపల ఉబ్బి మూసుకుని ఉంటే ఇలా వదలదు. పుష్ రాడ్ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వడం లేదు.

మాస్టర్ సిలిండర్‌లో, డబ్బా నుంచి ఆయిల్ వచ్చే చోట రెండు రంధ్రాలుంటాయి. ఒకటి పెద్దది. రెండోది సూదిమొనంత సన్నది, పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు రబ్బరు కప్పు అంచుకు ఆవల ఉంటుంది. పెడల్ వదలగానే కాలిపర్ నుంచి వెనక్కి వచ్చే ఆయిల్, వేడికి వ్యాకోచించిన ఆయిల్ ఆ సన్న రంధ్రంలోంచే డబ్బాలోకి పోవాలి. పిస్టన్ ఒక మిల్లీమీటరు ముందుకు నిలిచినా కప్పు ఆ రంధ్రాన్ని కప్పేస్తుంది. ఈ బండిలో కప్పు సరిగ్గా రంధ్రం అంచు మీద నిలిచింది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ కొద్దికొద్దిగా తప్పించుకుంటూ, చక్రం కాస్త రుద్దుకున్నా తిరుగుతూ ఉండేది. ఘాట్‌లో ఒక మలుపు తర్వాత మరో మలుపు, వెంటవెంటనే తొక్కుతుంటే తప్పించుకునే తీరిక ఉండదు. చిక్కుకున్న ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది, ప్యాడ్లను ఇంకా గట్టిగా నొక్కుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. అలా పెరుగుతూ పోయి చివరికి ఆయిల్ మరుగుతుంది. బ్రేకు పడడం లేదని వచ్చిన ఈ బండిలో నిజానికి బ్రేకు కొండ పైనుంచీ వదలకుండా పడుతూనే ఉంది. మైలేజీ తగ్గింది కూడా అందుకే.

మరి పెడల్ ఎత్తు మార్చిన ప్రతి బండికీ ఇలా కావాలి కదా? కాదు. పెడల్ ఎత్తు పెంచిన మెకానిక్‌ను నేను తప్పుపట్టలేకపోవడానికి కారణం కూడా ఇదే. చాలా బళ్లలో పెడల్ పైకి లేవడానికి విడిగా అడ్డు ఉండదు. పుష్ రాడ్‌కు ఉన్న వాషరు సిలిండర్ అడుగున ఉన్న సర్‌క్లిప్ అనే రింగుకు తగిలి ఆగుతుంది. అలాంటి బండిలో రాడ్ పొడవు పెంచితే పెడల్ ఎత్తు పెరుగుతుంది, అంతే. పిస్టన్ ఎప్పటిలాగే పూర్తిగా వెనక్కి వస్తుంది. ఈ బండిలో అలా కాదు. పెడల్‌కు ఒక చిన్న మొన ఉంది, అది ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కు తగిలి పెడల్‌ను ఆపుతుంది. రాడ్ పొడవు పెంచేకొద్దీ పెడల్ పైకి లేచి, మొన బ్రాకెట్‌కు ఆనుకుంటుంది. ఆ తర్వాత కూడా రాడ్‌ను తిప్పితే ఇక లేవడానికి పెడల్‌కు చోటు లేక రాడ్ పిస్టన్‌ను లోపలికి నెడుతుంది. బజారు పెడల్ మీద ఆ మొన కంపెనీ పెడల్ కంటే మందంగా ఉండడంతో పని మరింత సులువైంది. ఇతర బళ్ల మీద రోజూ నిశ్చింతగా చేసే పనినే ఆ మెకానిక్ ఇక్కడా చేశాడు.

దీనికి సాక్ష్యం మరోటి కనిపించింది. బ్రేక్ లైట్ స్విచ్ నట్టు తన పాత చోటు వదిలి జరిగి ఉంది. స్విచ్ మర మీద ఒక చోట మాత్రం దుమ్ము లేకుండా నల్లగా మెరుస్తోంది, ఇన్నేళ్లూ నట్టు ఉన్న చోటు అదే. పెడల్ పైకి లేవడంతో లైటు ఆలస్యంగా వెలుగుతుంటే స్విచ్‌ను సర్దినట్టున్నారు. వెనక బ్రేకు సమస్య వచ్చినప్పుడు ఈ నట్టు వైపు చూడడం నాకు అలవాటు. పెడల్ ఎత్తును ఎవరైనా కదిపారో లేదో యజమాని మరిచిపోయినా ఇది చెబుతుంది.

మరమ్మతు విషయానికి వస్తే, రాడ్‌ను పొట్టి చేసి ఊరుకుంటే ఆ రోజుకు సరిపోయేది. కానీ అన్నాళ్లు కాలిన రబ్బర్లను ఘాట్ ఎక్కే బండిలో వదలడం నాకు ఇష్టం లేదు. కాలిపర్ పిస్టన్ చుట్టూ ఉండే చదరపు రబ్బరు రింగు ఆయిల్‌ను ఆపడంతో పాటు మరో పని చేస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కాస్త మెలితిరిగి, వదలగానే యథాస్థితికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. డిస్క్‌కూ ప్యాడ్‌కూ మధ్య సందు వచ్చేది దానివల్లే. వేడికి ఆ రింగు గట్టిపడింది, గోటితో నొక్కితే గుంట పడడం లేదు. కాలిపర్ రబ్బర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, ప్యాడ్లు మూడూ మార్చాం. తీసిన కప్పు అంచున, రంధ్రానికి ఎదురుగా ఉన్న చోట సన్నటి నొక్కు ఉంది. ఈ రబ్బర్లకు పెట్రోలు గానీ ఇంజను ఆయిల్ గానీ తగలకూడదు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే తడిపి ఎక్కించాలి. డిస్క్ మందం, దాని మీద ముద్రించి ఉన్న కనీస కొలత కంటే ఎక్కువే ఉంది, వంకర కూడా లేదు. రంగు మారిందన్న ఒక్క కారణంతో డిస్క్ మార్పించడం దండగ, కాబట్టి అదే ఉంచాం. సన్న రంధ్రాన్ని సన్నటి నైలాన్ దారంతో శుభ్రం చేశాం. ఇనుప తీగ పెడితే అంచు గీసుకుపోయి కొత్త కప్పును కోస్తుంది.

పెడల్ కంపెనీది తెప్పించాం, రావడానికి కొన్ని రోజులు పట్టింది. అన్నాళ్లూ మాస్టారు బస్సులోనే వెళ్లారు. రాడ్ సర్దేటప్పుడు నేను చూసేది పెడల్ ఎత్తును కాదు. పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కుతుంటే, రాడ్ పిస్టన్‌ను తాకేలోపు చిన్న ఖాళీ కదలిక తెలియాలి. ఆ తర్వాత ఒకరు పెడల్ నొక్కుతుంటే మరొకరు డబ్బాలోకి చూడాలి. నొక్కుడు మొదలైన క్షణంలో ఆయిల్ మీద చిన్న అల కనిపించాలి, సన్న రంధ్రం తెరిచి ఉందని దాని అర్థం. కప్పు రంధ్రం దాటాక అల ఆగిపోతుంది. అల కనిపించిన చోట లాక్ నట్టు బిగించి, స్విచ్ నట్టును దాని పాత చోటికి చేర్చాం.

గాలి తీయడానికి కాలిపర్‌ను బ్రాకెట్ నుంచి విప్పి, ప్యాడ్ల మధ్య డిస్క్ మందానికి సరిపడా చెక్క ముక్క పెట్టి, నిప్పిల్ అన్నిటికంటే పైన ఉండేలా పట్టుకున్నాం. కాలిపర్‌ను బండి మీద ఉన్నట్టే ఉంచి గాలి తీస్తే పిస్టన్ వెనక మూలలో బుడగ ఒకటి మిగిలిపోవడం ఈ రకం కాలిపర్లతో మామూలే. ఆయిల్ సీలు ఉన్న కొత్త సీసాలోంచి పోశాం. రంగు మీద పడ్డ చుక్కలను వెంటనే నీళ్లతో కడిగేశాం, లేకపోతే పెయింటు పొరలుగా లేచిపోతుంది.

మైదానంలో నీటి చుక్క పరీక్ష మళ్లీ చేస్తే వెనక డిస్క్ మీద చుక్క అలాగే నిలిచింది. ఆ తర్వాతే ఘాట్. మాస్టారు నడిపారు, నేను వెనక కూర్చున్నాను. రెండో మనిషి బరువు కూడా ఉన్నప్పుడే చూడడం మంచిదని. కొత్త ప్యాడ్లు కుదురుకునేలా ఎక్కేటప్పుడు ఖాళీ చోట్లలో మితమైన వేగం నుంచి కొన్నిసార్లు నింపాదిగా ఆపించాను. దిగేటప్పుడు మామూలుగా పెడల్ మెత్తబడే మలుపు దాటింది, ఆ కిందివి కూడా దాటాయి. పెడల్ మొదట ఎక్కడ పట్టిందో చివరి దాకా అక్కడే పట్టింది.

డబ్బా మీద తెల్ల టేపు అంటించి ఆయిల్ మార్చిన నెల, సంవత్సరం రాశాం. రెండేళ్లకు మార్చమని తయారీదారులు సాధారణంగా చెబుతారు. రోజూ ఘాట్‌లో తిరిగే బండికి నేను ఏడాదికే మార్చమంటాను. ఆ తర్వాత సర్వీసింగుకు వచ్చినప్పుడు ప్యాడ్ల అరుగుదల సమానంగా ఉంది, మైలేజీ పాత లెక్కకు వచ్చిందన్నారు. పెడల్ ఎత్తు మీద మాత్రం మాస్టారికి నాతో ఇంకా పేచీ ఉంది. కిందికి ఉంది, ఇంకాస్త లేపమంటారు. లేపడానికి ఈ బండిలో చోటు లేదని మొన చూపించాను. బూటు అడుగు మందం మార్చుకోమని సలహా ఇచ్చాను. ఆయన ఇంకా చెప్పులతోనే వస్తున్నారు.